ఏడు భాషల బడి, తేలని ఖర్చు

సూరత్ కార్పొరేషన్ తెలుగులోనూ చదువు చెబుతోంది. వలస వచ్చిన పిల్లల మాతృభాషకు సొమ్ము ఎవరిదన్నది మాత్రం రాజ్యాంగమూ చెప్పలేదు, రాష్ట్రాలూ తేల్చుకోలేదు

ఉధనా దాటి నవసారి వైపు సాగే రోడ్డులో, సచిన్ పారిశ్రామికవాడ రాకముందే తగిలే పేట ఉన్. ఒకప్పటి శివారు గ్రామం. 2001లో 24 లక్షల జనాభా ఉన్న సూరత్ 2011 నాటికి 44 లక్షలు దాటింది. పొరుగు ఊళ్లను కలుపుకోవడం అందుకు ఒక కారణం, మగ్గాల మీద, మిల్లుల్లో పనికి వచ్చే వలస జనం మరో కారణం. ఇక్కడ అద్దెకు దిగే కుటుంబానికి తేలాల్సిన సంగతులు రెండు: పని ఎంత దూరం, బడి ఏ భాషలో. మొదటిది ఒక్కరోజులో తేలిపోతుంది.

రెండోదాన్ని సూరత్ చాలా నగరాలకంటే ముందే గుర్తించింది. ఇక్కడి మున్సిపల్ విద్యా సమితి గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, తెలుగు, ఇంగ్లీషు మాధ్యమాల్లో ప్రాథమిక పాఠశాలలు నడుపుతోంది. ముంబై కార్పొరేషన్‌ను మినహాయిస్తే ఇన్ని భాషల భారం నెత్తికెత్తుకున్న నగరపాలక సంస్థలు దేశంలో అరుదు. కరీంనగర్, వరంగల్, నల్గొండ ప్రాంతాల నుంచి మరమగ్గాల పనికి వెళ్లిన పద్మశాలి కుటుంబాలు స్థిరపడిన లింబాయత్ వంటి పేటల్లో తెలుగు బడికి గిరాకీ ఏర్పడింది అలాగే. దీని వెనుక భాషాభిమానం కంటే నగర అవసరమే ఎక్కువ. కార్మికుడు నిలవాలంటే వాడి పిల్లలకు బడి ఉండాలి.

చిక్కు ఉన్ లాంటి చోట మొదలవుతుంది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం ప్రతి పిల్లవాడికీ ఇంటి దగ్గరే బడి ఉండాలంటుంది. ఒకటి నుంచి అయిదో తరగతి వరకు కిలోమీటరు, ఆరు నుంచి ఎనిమిది వరకు మూడు కిలోమీటర్లు అన్నది నిబంధనల్లోని కొలత. దూరాన్ని కొలిచే ఈ టేపు భాషను కొలవదు. కిలోమీటరులోపు గుజరాతీ బడో, ఉర్దూ బడో ఉంటే చాలు, చట్టం దృష్టిలో తెలుగు పిల్లకూ బడి ఉన్నట్టే. వీలైనంత వరకు బోధన మాతృభాషలో ఉండాలని అదే చట్టంలోని 29వ సెక్షన్, వలస కుటుంబాల పిల్లలను చేర్చుకునే బాధ్యత స్థానిక సంస్థలదేనని 9వ సెక్షన్ అంటాయి. ఈ రెంటినీ కలిపి చదివితే పిల్లకు తెలుగు బడి దక్కాలి. ఇంటి నుంచి పేట దాటి వెళ్లడానికి బస్సు ఖర్చు దగ్గరే ఆ హక్కు ఆగిపోతుంది.

ఇది పాత సమస్యే. ఒక తరగతిలో 10 మంది, లేదా బడి మొత్తం మీద 40 మంది ఉంటే వారి భాషలో బోధించాలని 1949లోనే రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం తీర్మానించింది. 1956లో ఏడో సవరణతో రాజ్యాంగంలోకి 350-ఎ అధికరణం వచ్చింది. ప్రాథమిక దశలో భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు మాతృభాషలో బోధనకు తగిన సదుపాయాలు కల్పించేందుకు ప్రతి రాష్ట్రమూ, ప్రతి స్థానిక సంస్థా ప్రయత్నించాలని అది చెబుతుంది. అందులో ఎక్కడా డబ్బు ఊసు లేదు. పన్ను కట్టించుకునేదీ, పని చేయించుకునేదీ గుజరాత్ కనుక అదే భరించాలని ఒక వాదన. పిల్లల భాష తెలంగాణది కనుక అదీ చెయ్యి కలపాలని మరొకటి. రెండూ సబబే. అందుకే ఎవరూ కదలరు.

ఎవరూ కదలకపోతే ఏమవుతుందో అహ్మదాబాద్ చూసింది. అక్కడి మణినగర్‌లో దాదాపు ఎనభై ఏళ్లు నడిచిన తమిళ మాధ్యమ పాఠశాల పిల్లలు తగ్గిపోయారన్న కారణంతో 2020లో మూతపడింది. బడి కొనసాగించండి, ఖర్చంతా మేం భరిస్తామని అప్పటి తమిళనాడు ముఖ్యమంత్రి పళనిస్వామి గుజరాత్ ముఖ్యమంత్రి రూపానీకి లేఖ రాశారు. తాళం పడ్డాక వచ్చిన లేఖ అది. రాష్ట్రం నుంచి రాష్ట్రానికి పిల్లల చదువు ఖర్చు బదిలీ చేసే పద్ధతి ముందే ఉండుంటే ముఖ్యమంత్రి ఉత్తరం రాయాల్సిన పని ఉండేది కాదు.

పద్ధతి లేక కాదు. అది ఇతరుల పిల్లలకు ఉంది. తరచూ బదిలీ అయ్యే కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల పిల్లల కోసం 1963లో మొదలైన కేంద్రీయ విద్యాలయాలు ఒకే సిలబస్‌తో దేశమంతటా, చివరికి మాస్కో, టెహరాన్, ఖాట్మండులలో కూడా వెలిశాయి. బోధన హిందీ, ఇంగ్లీషుల్లోనే అయినా బడి మారినప్పుడు పాఠం మారదు. యూరప్ ఇంకో మెట్టు పైకెక్కింది. 1953లో లక్సెంబర్గ్‌లో తొలి యూరోపియన్ స్కూల్ తెరిచారు. ఇప్పుడు ఆరు దేశాల్లో అలాంటివి 13 ఉన్నాయి. దేశం వదిలి బ్రసెల్స్ వచ్చిన యూరోపియన్ యూనియన్ ఉద్యోగి పిల్లలు అక్కడ తమ భాషలోనే చదువుకుంటారు. బడ్జెట్‌లో సగానికి పైగా యూనియన్ నిధులు. టీచర్లను మాత్రం సభ్యదేశాలు డెప్యుటేషన్‌పై పంపుతాయి. సొంత దేశం తన జీతం తాను ఇస్తుంది, తేడాను స్కూలు భరిస్తుంది. అంటే ఇటలీ పిల్లవాడి వెంట ఇటలీ టీచరూ, అతని జీతమూ బయలుదేరతాయి. అది అధికారుల పిల్లలకు అమరిన సౌకర్యం, మగ్గం కార్మికుల పిల్లలకు కాదన్న సంగతి వేరే చెప్పనక్కర్లేదు.

కూలీల పిల్లలకు ఇది సాధ్యపడదా? తెలుగు నేల మీదే సాధ్యపడింది. హైదరాబాద్ చుట్టుపక్కల ఇటుక బట్టీలకు వచ్చే ఒడియా కూలీల పిల్లల కోసం ఉమ్మడి రాష్ట్రం రోజుల్లోనే పని ప్రదేశాల్లో బడులు పెట్టారు. ఒడిశా నుంచి పుస్తకాలు, బోధకులు వచ్చారు. ఆతిథ్య రాష్ట్రం చోటు చూపింది, సొంత రాష్ట్రం భాషను పంపింది. సూరత్‌లోని తెలుగు పిల్లలకు ఇదే సూత్రం పనికిరాకుండా పోదు.

అయితే ఇంటి దగ్గర భాషే మారిపోతోంది. 2022-23 నుంచి తెలంగాణ ప్రభుత్వ బడులు ఇంగ్లీషు మాధ్యమం బాట పట్టాయి. ఒక పేజీ ఇంగ్లీషు, పక్క పేజీ తెలుగు ఉన్న పుస్తకాలు వచ్చాయి. సూరత్‌లో తెలుగు మాధ్యమంలో చదివిన పిల్ల కరీంనగర్ తిరిగొస్తే సొంత ఊళ్లోనే భాష మారిన తరగతి గదిలో కూర్చోవాలి. మరోవైపు 2023లో గుజరాత్ శాసనసభ ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు అన్ని బడుల్లో గుజరాతీని తప్పనిసరి చేసింది. ఉంటున్న ఊరి భాష రావడం పిల్లలకు మంచిదే. ఉద్యోగం కూడా అక్కడే దొరకాలి. కానీ తెలుగులో పాఠం, గుజరాతీ తప్పనిసరి, ఇంగ్లీషు ఆశ అన్న మూడింటినీ ఒక్క టీచరే మోయాల్సి వస్తే ఆ టీచరును ఎవరు తయారు చేయాలి?

సెలవుల గొడవ మరొకటి. బతుకమ్మకు, దసరాకు తెలంగాణ బడులు మూతపడతాయి. గుజరాత్‌లో పెద్ద సెలవులు దీపావళికి. 2018లో నవరాత్రి సెలవులు ఇచ్చి చూసిన ఆ ప్రభుత్వం మరుసటి ఏడాదే మానుకుంది. బతుకమ్మ కోసం ఊరెళ్లిన పిల్లలు సూరత్ హాజరు పట్టీలో గైర్హాజరు. బడుల జాతీయ గణాంకాలకు సెప్టెంబర్ 30ని ప్రామాణిక తేదీగా తీసుకుంటారు. పండగ ఊళ్లు తిరిగే కాలానికి అది ఎంతో దూరం కాదు. బడి నిలిచేదీ, విలీనమయ్యేదీ పిల్లల సంఖ్యను బట్టే అయినప్పుడు, కదిలే కుటుంబాల పిల్లలకు ఆ లెక్క న్యాయం చేయదు.

2020 జాతీయ విద్యావిధానం ఇందుకు ఒక తలుపు తీసింది. త్రిభాషా సూత్రం అమలుకు రాష్ట్రాలు పరస్పరం ఒప్పందాలు చేసుకుని ఒకరి నుంచి మరొకరు టీచర్లను తీసుకోవచ్చని అందులో ఉంది. ‘వచ్చు’ అన్న మాటకు నిధుల కేటాయింపు తోడవలేదు. కేంద్రం, రాష్ట్రాలు 60:40 నిష్పత్తిలో భరించే సమగ్ర శిక్ష నిధులు రాష్ట్రం లోపల కదులుతాయి, పిల్లల వెంట సరిహద్దు దాటవు. ఆ పథకంలోనే వలస పిల్లల తలసరి వాటాను చదువుతున్న చోటికి పంపేలా రాసుకుంటే కొత్త చట్టం అక్కర్లేదు. హైదరాబాద్, గాంధీనగర్‌ల మధ్య ఒక ఒప్పంద పత్రం, కొందరు డెప్యుటేషన్ టీచర్లు, ఉన్ నుంచి తెలుగు బడికి ఒక బస్సు చాలు.