పట్టికలో దాగిన విజ్ఞానం



మన హాస్టళ్ళలో రిజిస్టర్లకు కొదవ లేదు. అడ్మిషన్ రిజిస్టరు, హాజరు పట్టీ, స్టాకు రిజిస్టరు, మార్కుల జాబితా, ఆరోగ్య పరీక్షల రిజిస్టరు. ఇప్పుడు వీటిలో చాలా వివరాలు కంప్యూటర్లోకి కూడా ఎక్కుతున్నాయి. ఫలానా విద్యార్థి ఫలానా తేదీన హాజరయ్యాడా అని అడిగితే పట్టిక వెంటనే చెబుతుంది. కానీ "లెక్కలు బాగా వచ్చే వాళ్ళందరిలోనూ ఉమ్మడిగా కనిపించే అలవాటు ఏమిటి?" అని అడిగితే ఆ జవాబు ఏ పేజీలోనూ రాసి ఉండదు. అయినా జవాబు ఆ పేజీల్లోనే ఉంది, పెరుగులో వెన్న ఉన్నట్టు. చిలికితేనే పైకి తేలుతుంది.

ఈ చిలికే పనికి కంప్యూటర్ శాస్త్రంలో పెట్టిన పేరు, డేటాబేసుల నుంచి జ్ఞానాన్ని వెలికితీయడం. 1989లో అమెరికాలోని డెట్రాయిట్ నగరంలో ఈ పేరుతో మొదటి వర్క్‌షాపు జరిగింది. 1993లో రాకేశ్ అగ్రవాల్, మరో ఇద్దరు పరిశోధకులు దుకాణాల బిల్లుల నుంచి "ఈ సరుకు కొన్నవాళ్ళు ఆ సరుకు కూడా కొంటున్నారు" అనే సూత్రాలను రాబట్టే పద్ధతిని ప్రకటించారు. ఆ తర్వాత ఈ శాస్త్రం ఎంతో పెరిగింది. దానిలోని రెండు పనిముట్ల గురించి ఈ వ్యాసంలో తెలుసుకుందాం. ఒకటి భావనల జాలకం, రెండోది ఫజ్జీ లాజిక్. పేర్లు చూసి భయపడకండి. సమితులు, ఉపసమితులు తెలిసిన వారికి ఇవి అందే విషయాలే.

భావన అంటే ఏమిటి?

ఒక భావనకు రెండు వైపులు ఉంటాయి. "పక్షి" అన్నామనుకోండి. కాకి, పిచ్చుక, కోడి, ఇలా ఏవేవి పక్షులో చెప్పే జాబితా ఒక వైపు. రెక్కలు, ఈకలు, ముక్కు, గుడ్లు పెట్టడం, ఇలా వాటన్నిటికీ ఉండే గుణాల జాబితా రెండో వైపు. 1662లో పారిస్‌లో వెలువడిన ఒక తర్కశాస్త్ర గ్రంథంలోనే ఈ విభజన ఉంది. జర్మనీలోని డార్మ్‌స్టాట్ సాంకేతిక విశ్వవిద్యాలయానికి చెందిన గణిత శాస్త్రవేత్త రుడోల్ఫ్ విల్లె 1982లో దీన్ని లెక్కల భాషలోకి తెచ్చారు. ఏ పట్టిక నుంచైనా అందులో దాగిన భావనలన్నిటినీ ఒక్కటీ వదలకుండా లెక్కగట్టవచ్చని చూపించారు.

ఎలాగో ఒక చిన్న ఊహా పట్టికతో చూద్దాం. ఐదుగురు విద్యార్థులు, నాలుగు గుణాలు.

1వ విద్యార్థి: ఉదయం స్టడీ అవర్‌కు వస్తాడు, జట్టుగా చదువుతాడు, లెక్కలు బాగా వచ్చు.
2వ విద్యార్థి: స్టడీ అవర్, జట్టు చదువు, లెక్కలు, ఇంగ్లీషు నాలుగూ ఉన్నాయి.
3వ విద్యార్థి: స్టడీ అవర్‌కు వస్తాడు, ఇంగ్లీషు బాగా వచ్చు.
4వ విద్యార్థి: జట్టుగా చదువుతాడు, లెక్కలు బాగా వచ్చు.
5వ విద్యార్థి: స్టడీ అవర్‌కు వస్తాడు, అంతే.

జట్టుగా చదివేది ఎవరు? 1, 2, 4. ఈ ముగ్గురిలో ఉమ్మడిగా ఉన్న గుణాలు ఏవి? జట్టు చదువు ఒక్కటే కాదు, లెక్కలు రావడం కూడా. ఇప్పుడు తిరగేసి అడుగుదాం. ఈ రెండు గుణాలూ ఉన్నవారు ఎవరు? మళ్ళీ 1, 2, 4. ఇటు నుంచి అటు వెళ్ళినా, అటు నుంచి ఇటు వచ్చినా జాబితా మారడం లేదు. ఇలా స్థిరపడిన జంటనే విల్లె "భావన" అన్నారు.

ఈ విధంగా వెతికితే మన పట్టికలో సరిగ్గా ఆరు భావనలు దొరుకుతాయి. కాగితం మీద అన్నిటికంటే పైన ఒక సున్న చుట్టండి. అందులో ఐదుగురూ ఉంటారు, కానీ అందరికీ ఉమ్మడిగా ఏ గుణమూ లేదు. దాని కింద పక్కపక్కన రెండు సున్నలు: స్టడీ అవర్‌కు వచ్చే 1, 2, 3, 5 ఒకటి, జట్టు చదువు, లెక్కలు రెండూ ఉన్న 1, 2, 4 మరొకటి. మూడో వరసలో ఇంకో రెండు. స్టడీ అవర్, ఇంగ్లీషు ఉన్న 2, 3 మొదటిది. స్టడీ అవర్, జట్టు చదువు, లెక్కలు మూడూ ఉన్న 1, 2 రెండోది. అట్టడుగున నాలుగు గుణాలూ ఉన్న 2వ విద్యార్థి ఒక్కడే. ఒక సున్నలోని విద్యార్థులందరూ పైసున్నలో కూడా ఉంటే ఆ రెంటినీ గీతతో కలపండి. పైకి వెళ్ళేకొద్దీ మనుషులు పెరుగుతారు, గుణాలు తగ్గుతాయి. కిందికి వచ్చేకొద్దీ గుణాలు పెరుగుతాయి, మనుషులు తగ్గుతారు. ఈ బొమ్మే భావనల జాలకం.

బొమ్మ చూస్తే కొన్ని సూత్రాలు కళ్ళకు కడతాయి. ఈ పట్టికలో జట్టుగా చదివే వారందరికీ లెక్కలు వచ్చు. ఇంగ్లీషు వచ్చిన వారందరూ స్టడీ అవర్‌కు వచ్చేవారే. కానీ స్టడీ అవర్‌కు వచ్చినంత మాత్రాన లెక్కలు వస్తాయని చెప్పలేం. 3, 5 విద్యార్థులే అందుకు సాక్ష్యం. ఈ సూత్రాలు ఎవరూ ముందుగా ఊహించి చెప్పినవి కావు, పట్టిక నుంచే వచ్చినవి.

గీతకు అటూ ఇటూ

ఇక్కడే ఒక చిక్కు ఉంది. "లెక్కలు బాగా వచ్చు" అని ఎలా రాశాం? 60 మార్కుల దగ్గర గీత గీశామనుకుందాం. 4వ విద్యార్థికి 61 వచ్చాయి, బాగా వచ్చినట్టే. మళ్ళీ దిద్దితే రెండు మార్కులు తగ్గి 59 అయ్యాయనుకోండి. అతను "లెక్కలు రాని" వాడైపోతాడు. మనం కనుగొన్న సూత్రం కూడా ఆ క్షణంలోనే కూలిపోతుంది. రెండు మార్కులకు ఒక పిల్లవాడి తెలివి మారిపోయిందా? 34కీ 35కీ మధ్య బతుకులు తారుమారు కావడం చూసిన మనకు ఈ బాధ కొత్తది కాదు.

ఈ చిక్కుకు దారి చూపినవారు లోట్ఫీ జాదే. 1921లో బాకు నగరంలో పుట్టి, టెహరాన్‌లో చదివి, అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో ఆచార్యులైన ఆయన 1965లో ఫజ్జీ సమితులను ప్రతిపాదించారు. మనం చదివిన సమితిలో ఒక మూలకం ఉంటుంది, లేదా ఉండదు. అంటే 1 లేదా 0. ఫజ్జీ సమితిలో 0 నుంచి 1 వరకు ఎంతైనా ఉండవచ్చు. నీళ్ళు చల్లగానో వేడిగానో మాత్రమే ఉండవు కదా, గోరువెచ్చగా కూడా ఉంటాయి. 1987లో జపాన్‌లోని సెండాయ్ నగరంలో మొదలైన భూగర్భ రైలును ఈ పద్ధతితోనే కుదుపులు లేకుండా నడిపారు. ఫజ్జీ లాజిక్ అని రాసి ఉన్న వాషింగ్ మెషిన్లు మన దుకాణాల్లోకీ వచ్చాయి.

మన ఉదాహరణకు వద్దాం. 35 మార్కులు, అంతకు తక్కువైతే 0. 75, అంతకు ఎక్కువైతే 1. మధ్యలో ఉంటే మార్కుల నుంచి 35 తీసేసి 40తో భాగించండి. 61 మార్కులకు 0.65 వస్తుంది. 59కి 0.6. ఇప్పుడు తేడా ఎంత ఉందో అంతే కనిపిస్తోంది. అయితే 0.6 అంటే "లెక్కలు వచ్చే అవకాశం నూటికి 60" అని కాదు. అది సంభావ్యత. రేపు వాన పడుతుందా అనేది సంభావ్యత. ఇప్పుడు పడుతున్న తుంపరను ఎంతమేరకు వాన అనవచ్చు అనేది ఫజ్జీ.

రెండూ కలిస్తే

జాలకాన్ని, ఫజ్జీని కలిపే పనిని స్పెయిన్‌లో అనా బురుస్కో, రామోన్ ఫుయెంతెస్-గొన్సాలెస్ 1994లో ప్రారంభించారు. చెక్ దేశానికి చెందిన రదిమ్ బెలోహ్లావెక్ దాన్ని విస్తరించారు. పట్టికలో అవును, కాదు అనే గుర్తులకు బదులు అంకెలు ఉంటాయి. సూత్రం కూడా ఎంతమేరకు నిజమో అంకెలో తేలుతుంది. పోలండ్ తర్కవేత్త లుకాషేవిచ్ పేరుతో ఉన్న సూత్రం ప్రకారం, మొదటి అంకె రెండోదానికంటే ఎక్కువైతే 1 నుంచి మొదటిది తీసేసి రెండోది కలపాలి. ఎక్కువ కాకపోతే సూత్రం పూర్తిగా నిజం.

4వ విద్యార్థి వారానికి ఐదు రోజుల్లో నాలుగు రోజులు జట్టుతో కూర్చుంటాడనుకుందాం. అంటే 0.8. మార్కులు 61 అయితే 1 - 0.8 + 0.65 = 0.85. 59 అయితే 0.8. జట్టుగా చదివే మిగతా ఇద్దరికీ 75 దాటితే వారి విషయంలో సూత్రం పూర్తిగా నిజం. అందరిలోకీ తక్కువ అంకెనే మొత్తం సూత్రానికి తీసుకుంటాం. కాబట్టి ఇంతకుముందు పూర్తిగా కూలిపోయిన సూత్రం ఇప్పుడు 0.85 నుంచి 0.8కి మాత్రమే తగ్గింది.

మరచిపోకూడని మూడు జాగ్రత్తలు

మొదటిది: గుణాలు పెరిగితే భావనలు విపరీతంగా పెరగవచ్చు. నాలుగు గుణాలకు గరిష్ఠంగా 16. ఇరవై గుణాలకు 10,48,576 దాకా వెళ్ళవచ్చు. ఫజ్జీ అయితే ఇంకా ఎక్కువ. అందుకే ఏవి పనికొచ్చేవో మనిషే ఎంచాలి.

రెండోది: సూత్రం కారణం చెప్పదు. జట్టుగా చదవడం వల్ల లెక్కలు వచ్చాయా, లెక్కలు వచ్చినవాళ్ళే జట్టు కట్టారా? మన పట్టికలో రెండూ ఒకేలా కనిపిస్తాయి. పైగా ఐదుగురిని చూసి లోకమంతటికీ సూత్రం చెప్పకూడదు.

మూడోది అన్నిటికంటే ముఖ్యం. 5వ విద్యార్థిని మళ్ళీ చూడండి. రోజూ స్టడీ అవర్‌కు వస్తాడు, అయినా ఏదీ రాదు. ఏ, బి, సి గ్రూపులు చేసేటప్పుడు ఇలాంటి వాడిని తేలిగ్గా "సి"లో వేసి మొద్దు అనేస్తారు. అతనికి బోర్డు మీద అక్షరాలు కనిపించడం లేదేమో! కళ్ళద్దాలు ఇస్తే సరిపోతుందేమో! కానీ "చూపు" అనే గడి మన పట్టికలోనే లేదు. లేని గడి గురించి ఎంత గొప్ప కంప్యూటరైనా ఏమీ చెప్పలేదు. ఆరోగ్య రిజిస్టరు ఒకచోట, మార్కుల జాబితా ఇంకోచోట ఉన్నంత కాలం అతను మొద్దుగానే మిగిలిపోతాడు.

పాసు, ఫెయిలు ప్రకటించడానికి గీత ఎక్కడో ఒకచోట గీయక తప్పదు. కానీ ఒక విద్యార్థి ఎక్కడ ఆగిపోయాడో తెలుసుకోవడానికి గీత చాలదు. ఎంతమేరకు వచ్చు, దేనితో కలిసి వచ్చు, పట్టికలో అడగని ప్రశ్న ఏది అని చూడాలి. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! ఒక తెల్లకాగితం తీసుకుని మీ గదిలోని వారితో ఇలాంటి పట్టిక వేసి, జాలకం గీసి చూడండి. గడుల పేర్లు మీరే కూర్చుని నిర్ణయించండి. రేపు మీలో ఎందరో కంప్యూటర్ల ముందు కూర్చుని వేలమంది వివరాలు చూసే ఉద్యోగాల్లో చేరతారు. అప్పుడు ప్రతి వరస వెనుకా 5వ విద్యార్థి లాంటి వాడు ఒకడు ఉండవచ్చని గుర్తుంచుకుని, అతని కోసం ఇంకో గడి చేర్చండి.