బ్యాటు పిడికి ఇన్ని నియమాలెందుకు?

ముక్తేశ్వరం చుట్టుపక్కల తోటల్లో కొబ్బరి దింపు తీసేవారిని మీరు చూసే ఉంటారు. కాళ్ళకు బందం వేసుకుని చెట్టెక్కుతారు. బందానికి, చెట్టు మానుకు మధ్య ఉండే ఘర్షణే వారిని జారిపోకుండా కాపాడుతుంది. సాఫ్ట్‌బాల్ ఆటలో బ్యాటును మన చేతిలో నిలిపేదీ ఈ ఘర్షణే.

ఒక చిన్న లెక్క చేద్దాం. బ్యాటు ద్రవ్యరాశి 0.8 కిలోగ్రాములు, దాని గరిమనాభి వేగం సెకనుకు 12 మీటర్లు, అది తిరిగే వృత్తం వ్యాసార్థం 0.6 మీటరు అనుకోండి. ద్రవ్యరాశిని వేగవర్గంతో గుణించి వ్యాసార్థంతో భాగిస్తే 192 న్యూటన్లు వస్తుంది. ఇదే అభికేంద్ర బలం. అంటే దాదాపు 20 కిలోల బరువును పట్టి ఉంచినంత బలాన్ని మీ చేతులు ప్రయోగించాలి! చెమటకు పట్టు జారితే బ్యాటు ఎగిరిపోయి తోటి ఆటగాడికి తగులుతుంది.

అందుకే అంతర్జాతీయ నియమావళి పిడికి పట్టీ తప్పనిసరి చేసింది. దాని పొడవు 10 అంగుళాలకు (25.4 సెం.మీ.) తగ్గరాదు. రెండు చేతులూ దానిమీదే ఆనాలి కదా! నున్నని ప్లాస్టిక్ టేపు పనికిరాదు. పిడి చివర గుబ్బ ఉండాలి. పట్టు జారినా అది చేతికి అడ్డుపడుతుంది.

మరి ఎంతైనా చుట్టుకోవచ్చా? వీల్లేదు. పట్టీ పిడి చివరినుండి 15 అంగుళాలు (38.1 సెం.మీ.) దాటరాదు. టేపును మెలికలుగా చుట్టాలి, రెండు పొరలు మించరాదు. జిగురు పదార్థాలు పట్టీమీదే పూయాలి. పాత పట్టీ తీసి నియమబద్ధమైన కొత్తది వేసుకోవడం తప్పుకాదు. కాని టేపు మితిమీరినా, పిడికి గరాటులాంటి తొడుగు తగిలించినా అది మార్పు చేసిన బ్యాటే. దానితో ఆడితే బ్యాటర్ అవుట్, పైగా ఆటనుండి బహిష్కరణ.

సాఫ్ట్‌బాల్‌కు మూలమైన బేస్‌బాల్‌లో ఇలాంటి వివాదమే ఒకటి వచ్చింది. 1983 జూలై 24న న్యూయార్క్‌లో కాన్సాస్ సిటీ ఆటగాడు జార్జ్ బ్రెట్ హోమ్ రన్ కొట్టాడు. అతని బ్యాటుకు పైన్ చెట్టు తారు 18 అంగుళాల హద్దు దాటి పూసి ఉందని అంపైర్లు అవుట్ ఇచ్చారు. లీగ్ అధ్యక్షుడు ఆ తీర్పును రద్దుచేశాడు. తారువల్ల బంతి ఎక్కువ దూరం పోదు, హద్దు పెట్టింది అందుకు కాదని ఆయన వాదన. ఆగస్టు 18న ఆట కొనసాగి కాన్సాస్ సిటీ 5–4తో గెలిచింది. చూశారా, నియమం వెనుకనున్న కారణం తెలిస్తేనే న్యాయం జరుగుతుంది.

మీరూ పరీక్షించండి. నున్నని కర్రకు ఒకసారి గుడ్డపట్టీ, మరోసారి ప్లాస్టిక్ కాగితం చుట్టండి. తడిచేత్తో పట్టుకుని, మరో చివరను స్ప్రింగు త్రాసుతో మెల్లగా లాగించండి. ఏ బలం దగ్గర జారిందో రాసుకోండి. ఆటకు దిగేముందు బ్యాటు పట్టీని కూడా ఒకసారి చూసుకోండి. ఊడిన పట్టీ ఉన్న బ్యాటును పక్కన పెట్టండి.