ముప్పై ఒక్క గళ్ల మొత్తం

ప్రధాన సంఖ్యలు అనగానే మనకు 2, 3, 5, 7 గుర్తుకొస్తాయి. పరీక్షల్లో 97 దాటి ఎవరూ అడగరు కనుక అక్కడే ఆగిపోతాం. నేను చెప్పబోయేది 2147483647 గురించి. అంటే 214 కోట్ల 74 లక్షల 83 వేల 647. ఇదీ ప్రధాన సంఖ్యే.

చదరంగం పలక కథ మిత్రులందరూ విన్నదే. మొదటి గడిలో ఒక గింజ, తర్వాత 2, 4, 8 ఇలా రెట్టింపు. 64 గళ్ల మొత్తం 20 అంకెల సంఖ్య. చంద్రుడంటే 1, వేదాలంటే 4, బాణాలంటే 5 అనే సంకేతాలతో ఆ అంకెలన్నిటినీ ఒక్క తెలుగు పద్యంలో ఇమిడ్చారు. అది పావులూరి మల్లన పేరున ప్రచారంలో ఉంది. అదే పలక మీద 31వ గడి దగ్గర ఆగి కూడితే మన సంఖ్య వస్తుంది. వెయ్యి బియ్యపు గింజలు 15 గ్రాములనుకుంటే, 50 కిలోల బస్తాలు 644. మన హాస్టల్ స్టోర్ రూం చాలదు!

ఎక్కడ ఆగినా ప్రధాన సంఖ్య రాదు. 4 గళ్ల మొత్తం 15. మొదటి రెండు గళ్లు కలిపి 3, తర్వాతి రెండు గళ్లు కలిపి 12, అంటే ఆ 3కు నాలుగు రెట్లు. కనుక మొత్తం 3తో భాగింపబడక తప్పదు. గళ్లను ఇలా సమాన గుంపులు చేయగలిగితే వచ్చేది సంయుక్త సంఖ్యే. అందుకే గళ్ల లెక్క కూడా ప్రధాన సంఖ్య కావాలి. అదీ చాలదు. 11 గళ్ల మొత్తం 2047, అది 23×89. 64 గళ్లలో నెగ్గేవి 2, 3, 5, 7, 13, 17, 19, 31, 61, ఈ తొమ్మిదే.

31వ దాన్ని 1772లో తేల్చినవాడు ఆయిలర్. అప్పటికి ఆయనకు చూపు దాదాపు పోయింది. వర్గమూలం వరకు, అంటే 46340 లోపు ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించి చూడాలంటే దాదాపు 4,800 భాగహారాలు. కానీ దీనికి కారణాంకం ఉంటే, దాన్ని 248తో భాగించినప్పుడు శేషం 1 గానీ 63 గానీ రావాలని ఆయన గ్రహించాడు. దాంతో పరీక్షించాల్సిన ప్రధాన సంఖ్యలు వందలోపుకు వచ్చాయి. వాటిలో మొదటిది 311. భాగించి చూడండి, శేషం 35 వస్తుంది. నా దృష్టిలో అసలు గొప్పతనం భాగహారాలు చేయడంలో లేదు, చేయనక్కర్లేనివి ఏరివేయడంలో ఉంది.

ఉప్పల్‌లో ఏ కంప్యూటర్ సెంటర్‌కు వెళ్లినా సీ ప్రోగ్రాం నేర్పేటప్పుడు ఈ సంఖ్య ఎదురవుతుంది. పూర్ణాంకానికి 32 బిట్లు ఇస్తే, ఒకటి ధన, రుణ గుర్తుకు పోగా మిగిలేవి 31. అన్నిట్లో 1 పెడితే మన 31 గళ్ల మొత్తమే! (ఇది ప్రధాన సంఖ్య కావడం యాదృచ్ఛికం, కంప్యూటర్‌కు దాంతో పనిలేదు.) ఇంకొకటి కలిపితే సాధారణంగా రుణ సంఖ్యలోకి పడిపోతుంది.

పాత కంప్యూటర్లు చాలావరకు కాలాన్ని 1970 జనవరి 1 నుంచి సెకన్లలో ఇలాగే లెక్కిస్తాయి. 2038 జనవరి 19 ఉదయం మన టైము 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకు ఆ గళ్లు నిండిపోతాయి. సరిచేయకపోతే మరుసటి సెకనుకు అవి 1901లోకి వెళ్తాయి. మా నాన్న నాచారంలో ఒక గోదాములో హమాలీ. వేలిముద్ర యంత్రంలో హాజరు పడకపోతే ఆ రోజు కూలీ లేదు. అందుకే ఇది నాకు దూరపు లెక్క కాదు. ఇప్పుడు పదో తరగతి చదువుతున్న తమ్ముళ్లకు అప్పటికి ముప్పై ఏళ్లు కూడా నిండవు. మిగిలిన పాత యంత్రాలను సరిచేసే ఉద్యోగాల్లో వాళ్లలో కొందరైనా ఉంటారు.

విరుగుడు తేలికే, 64 బిట్లు ఇవ్వడం. గుర్తుకు ఒకటి పోగా 63 గళ్లు, సుమారు 29 వేల కోట్ల ఏళ్లకు సరిపోతాయి. ఆ మొత్తం మాత్రం ప్రధాన సంఖ్య కాదు. 63 గళ్లను మూడేసి చొప్పున విడదీయవచ్చు కనుక అది 7తో భాగింపబడుతుంది.