ప్రమోటరు అమ్మితే పారిపోవాలా?

"అన్నయ్యా, ప్రమోటరే అమ్ముకుంటున్నాడట. మనమూ బయటపడదామా?"

రాత్రి పదింటికి మా తమ్ముడి ఫోను. వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టిన ఒక్క ముక్క వాడికి నిద్ర లేకుండా చేసింది. ఇలాంటి కంగారూ, దీనికి పూర్తిగా ఎదురైన గుడ్డి నమ్మకమూ కంపెనీలో ఎవరి వాటా ఎంతో చూపే షేర్‌హోల్డింగ్ పట్టిక చదవకపోవడం వల్ల వచ్చేవే. ప్రతి లిస్టెడ్ కంపెనీ త్రైమాసికం ముగిసిన 21 రోజుల్లోగా ఆ పట్టికను స్టాక్ ఎక్స్ఛేంజీలకు ఇచ్చి తీరాలి. ఎక్స్ఛేంజీ వెబ్‌సైట్‌లో ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. ముందు, ఈ విషయంలో తరచూ వినిపించే అపోహలు కొన్ని చూద్దాం.

అపోహ: కంపెనీ లోపలివాళ్లు కొన్నా, అమ్మినా ఇన్‌సైడర్ ట్రేడింగే.

వాస్తవం: కాదు. ఇంకా బయటికి రాని, ధరను కదిలించే సమాచారం చేతిలో పెట్టుకుని లావాదేవీ చేయడమే నేరం. మిగతా సమయంలో ప్రమోటర్లు (కంపెనీని స్థాపించి, నియంత్రించేవాళ్లు), డైరెక్టర్లు నిబంధనలకు లోబడి కొనుక్కోవచ్చు, అమ్ముకోవచ్చు. త్రైమాసికం ముగిసినప్పటి నుంచి ఫలితాలు వచ్చిన 48 గంటల దాకా మాత్రం వాళ్లకు ట్రేడింగ్ విండో మూసి ఉంటుంది.

అపోహ: పట్టికలో 'పబ్లిక్' అంటే మనలాంటి చిన్న మదుపరులు.

వాస్తవం: ప్రమోటర్లు కానివాళ్లంతా దాదాపు ఆ పద్దులోకే వస్తారు. ఎల్‌ఐసీ, మ్యూచువల్ ఫండ్లు, విదేశీ సంస్థలు అన్నీ పబ్లిక్కే. ఐటీసీకి ప్రమోటర్లే లేరు. అందులో ఐదో వంతుకు పైగా వాటా ఉన్న బ్రిటిష్ అమెరికన్ టొబాకో కూడా పట్టికలో పబ్లిక్ కిందే కనిపిస్తుంది. ఇంకో చిత్రం చూడండి. 2 లక్షల రూపాయల లోపు వాటా ఉన్న వ్యక్తులను పట్టికలో విడిగా చూపిస్తారు. ఆ 2 లక్షలు లెక్కగట్టేది ముఖ విలువ మీద, మార్కెట్ ధర మీద కాదు. రూపాయి ముఖ విలువ ఉన్న షేరు వెయ్యి రూపాయలు పలుకుతుంటే, 20 కోట్ల ఆసామి కూడా ఆ వరుసలోనే ఉంటాడు.

అపోహ: పెద్ద సంస్థలు కొన్నాయంటే ఇక భయం లేదు.

వాస్తవం: ఈ మాట హైదరాబాద్‌లో ఎవరన్నా నాకు బాధేస్తుంది. ఈ ఊరి కంపెనీయే అయిన సత్యం కంప్యూటర్స్‌లో విదేశీ సంస్థలు, ఎల్‌ఐసీ, మ్యూచువల్ ఫండ్లు అన్నీ ఉండేవి. సెన్సెక్స్‌లో, నిఫ్టీలో ఆ షేరు ఉండేది కాబట్టి ఇండెక్స్ ఫండ్లు మంచిచెడ్డలు చూడకుండానే కొనేవి. 2009 జనవరి 7న, మోసాన్ని ఒప్పుకుంటూ కంపెనీ ఛైర్మన్ రామలింగరాజు రాసిన లేఖ బయటికొచ్చింది. పుస్తకాల్లో చూపిన నగదులో 5,040 కోట్లు అసలు లేనే లేవు. ముందురోజు 179 రూపాయలున్న షేరు ఆ రోజు 40కి పడిపోయింది.

సంస్థలకు కనిపించని దొంగలెక్కలు చిన్న మదుపరికి కనిపిస్తాయని నేననను. కానీ ఒక గుర్తు మాత్రం పట్టికలో ఏళ్ల తరబడి కళ్లెదుటే ఉంది. 2001లో 25 శాతం దాటి ఉన్న ప్రమోటర్ల వాటా 2008కల్లా 9 శాతం లోపుకి జారింది. మిగిలిన షేర్లూ అప్పులకు తాకట్టులో ఉన్నాయి. 2008 డిసెంబరులో అప్పిచ్చినవాళ్లు వాటిని అమ్మడం మొదలుపెట్టారు. ఆ తాకట్టు సంగతి సామాన్య మదుపరికి ముందుగా తెలిసే దారి లేదు. ప్రమోటర్ల తాకట్టు వివరాలు బయటపెట్టి తీరాలని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిర్ణయించింది 2009 జనవరిలోనే. అందుకే ఒక్క త్రైమాసికపు శాతం కన్నా, నాలుగైదేళ్లలో అది ఎటు జరిగిందో, అందులో తాకట్టు ఎంతో ముందు చూడమంటాను.

తమ్ముడిచేత ఫోనులోనే పట్టిక తెరిపించాను. ప్రమోటరు వాటా 75 శాతానికి పైనే ఉంది. తాకట్టు గడిలో సున్నా. పబ్లిక్ వాటా కనీసం 25 శాతం ఉండాలన్న నిబంధన కోసమే అమ్ముతున్నట్టు కంపెనీ ప్రకటనలోనే ఉంది. వాడు తేలిగ్గా ఊపిరి తీసుకుని, తన దగ్గరున్న రెండో కంపెనీ పట్టిక కూడా తెరిచాడు. ఆ షేరు గురించి గ్రూపులో అందరూ మెచ్చుకునేవారట. తాకట్టు గడిలో అంకె సగం దాటి ఉంది. కాసేపు వాడేమీ మాట్లాడలేదు.