బడిలో లెక్కలు, సైన్సు: చట్టం ఏమి చేయగలదు, ఏమి చేయలేదు?

ఈ పాఠం చదివిన తరువాత మీరు
- బిల్లుకు, చట్టానికి గల తేడాను చెప్పగలుగుతారు.
- లెక్కలు, సైన్సు బోధనపై వచ్చిన కొన్ని బిల్లుల చరిత్రను వివరించగలుగుతారు.
- చదువుకు సంబంధించిన ఒక కొత్త బిల్లును గురించి విన్నప్పుడు ఏ ప్రశ్నలు వేయాలో తెలుసుకుంటారు.

1. పరిచయం

పిల్లలు ఏ వయసులో బడిలో చేరాలి, ఫీజు తీసుకోవచ్చా, ఉపాధ్యాయునికి ఏ అర్హత ఉండాలి అనే విషయాలను చట్టం నిర్ణయిస్తుంది. ఇది మనకు తెలిసినదే. మరి గుండ్రని చక్రం చుట్టుకొలత ఎంతో, భూమి మీద జీవులు ఎలా ఏర్పడ్డాయో కూడా సభలో చేతులెత్తి నిర్ణయించవచ్చునా? అమెరికాలోని కొన్ని రాష్ట్రాలలో ఇలాంటి ప్రయత్నాలు జరిగాయి. వాటిని తెలుసుకుంటే మన దేశంలో ఉన్న ఏర్పాటు కూడా బాగా అర్థమవుతుంది.

ముందుగా ఒక మాట. సభ ముందు పెట్టిన ప్రతిపాదనను బిల్లు అంటారు. అది సభ ఆమోదం పొంది, మన దేశంలోనైతే రాష్ట్రపతి లేదా గవర్నరు అంగీకారం కూడా పొందిన తరువాతనే చట్టం అవుతుంది. చాలా బిల్లులు మధ్యలోనే ఆగిపోతాయి.

2. చేసి చూడండి

ఒక గుండ్రని పళ్ళెం తీసుకోండి. దాని అంచు చుట్టూ దారం చుట్టి, ఆ దారం పొడవును కొలవండి. ఇది పరిధి. తరువాత పళ్ళెం మధ్యగా ఒక అంచు నుండి ఎదుటి అంచు వరకు కొలవండి. ఇది వ్యాసం. పరిధిని వ్యాసంతో భాగించండి. మీకు 3 కంటే కొంచెం ఎక్కువ వస్తుంది. గాజుతో చేసినా, బండి చక్రంతో చేసినా అంతే వస్తుంది. ఈ సంఖ్యనే 'పై' అంటారు. దీని విలువ సుమారు 3.1416. లెక్కల సౌకర్యం కోసం 22/7 అని కూడా తీసుకుంటాము.

దాదాపు 1500 సంవత్సరాల క్రితం ఆర్యభటుడు వ్యాసం 20,000 అయితే పరిధి 62,832 అని చెప్పాడు. భాగించి చూస్తే 3.1416 వస్తుంది. ఇది 'ఆసన్నం', అంటే అసలు విలువకు దగ్గరది మాత్రమే అని కూడా ఆయన చెప్పాడు.

3. సభ ముందుకు వచ్చిన లెక్క

1897లో అమెరికాలోని ఇండియానా రాష్ట్ర శాసనసభలో 246వ నంబరు బిల్లు ప్రవేశపెట్టారు. దీని వెనుక ఉన్నవాడు ఎడ్వర్డ్ గుడ్విన్ అనే వైద్యుడు. వృత్తంతో సమానమైన వైశాల్యం గల చతురస్రాన్ని గీసే పద్ధతి తనకు దొరికిందని ఆయన నమ్మాడు. వృత్తలేఖినితో, కొలతలు లేని బద్దతో అలా గీయడం సాధ్యం కాదని జర్మనీ గణిత శాస్త్రజ్ఞుడు లిండెమాన్ 1882లో చేసిన నిరూపణతో అప్పటికే తేలిపోయింది. అయినా గుడ్విన్ తన పద్ధతిని విద్యారంగానికి కానుకగా ఇస్తున్నానన్నాడు. శాసనసభ ఆమోదిస్తే ఇండియానా రాష్ట్రం దానిని రాయల్టీ చెల్లించకుండా వాడుకోవచ్చునని బిల్లులో ఉంది. ఆ బిల్లులోని లెక్కల ప్రకారం 'పై' విలువ 3.2 అవుతుంది.

దిగువ సభలో ఈ బిల్లుకు అనుకూలంగా 67 ఓట్లు వచ్చాయి. వ్యతిరేకంగా ఒక్కటి కూడా రాలేదు. ఆ సమయంలో పర్‌డ్యూ విశ్వవిద్యాలయ గణిత ఆచార్యుడు వాల్డో వేరే పని మీద శాసనసభకు వచ్చి, ఈ చర్చను విని ఆశ్చర్యపోయాడు. ఆయన సెనేట్ సభ్యులకు అసలు విషయం వివరించాడు. ఫిబ్రవరి 12న సెనేట్ ఈ బిల్లును నిరవధికంగా వాయిదా వేసింది. మాట్లాడిన సభ్యులు ఆ లెక్క తప్పో ఒప్పో తమకు తెలియదనే ఒప్పుకున్నారు. అయితే ఇది శాసనం చేయదగిన విషయం కాదని మాత్రం వారు గుర్తించారు.

ఈ బిల్లు చట్టమై, బడిలో 3.2 అనే నేర్పి ఉంటే ఏమయ్యేది? 5 అడుగుల వ్యాసం గల బండి చక్రానికి ఇనుప పట్టా చేయాలనుకోండి. సరైన లెక్కతో దాని పొడవు సుమారు 15.7 అడుగులు. 3.2తో లెక్కిస్తే 16 అడుగులు. పట్టా 3 అంగుళాలకు పైగా ఎక్కువై, చక్రం మీద నిలవకుండా వదులైపోతుంది. పరీక్షలో మార్కులు వచ్చిన లెక్క కమ్మరి కొలిమి దగ్గర తప్పిపోతుంది. చట్టం మారినంత మాత్రాన చక్రం మారదు.

4. సైన్సు పాఠం కోర్టుకు వెళ్ళినప్పుడు

ఇండియానా బిల్లు ఆగిపోయింది. కాని టెనెసీ రాష్ట్రంలో 1925లో వచ్చిన బిల్లు చట్టమే అయింది. బైబిలులోని సృష్టి కథను కాదని, మానవుడు తక్కువ స్థాయి జంతువుల నుండి వచ్చాడని ప్రభుత్వ పాఠశాలల్లో బోధించడం నేరమని ఆ చట్టం చెప్పింది. ఆ చట్టాన్ని కోర్టులో పరీక్షించడానికి జాన్ స్కోప్స్ అనే యువ ఉపాధ్యాయుడు విచారణకు సిద్ధపడ్డాడు. డేటన్ అనే చిన్న పట్టణంలో జరిగిన విచారణలో ఆయనకు 100 డాలర్ల జరిమానా పడింది. జరిమానా విధించిన పద్ధతిలో లోపం ఉందని 1927లో పై కోర్టు ఆ తీర్పును రద్దు చేసింది. కాని చట్టం మాత్రం అలాగే ఉండిపోయింది. దానిని 1967లో, అంటే 42 సంవత్సరాల తరువాత రద్దు చేశారు.

అర్కాన్సా రాష్ట్రంలో ఉన్న ఇలాంటి చట్టాన్ని 1968లో అమెరికా సుప్రీంకోర్టు కొట్టివేసింది. ఆ తరువాత బిల్లుల రూపం మారింది. పరిణామ సిద్ధాంతం చెబితే దానితోపాటు 'సృష్టి శాస్త్రం' కూడా చెప్పాలని లూసియానా రాష్ట్రం చట్టం చేసింది. 1987లో సుప్రీంకోర్టు దీనిని కూడా కొట్టివేసింది. ఈ తీర్పులలో కోర్టు ఎవరి మత విశ్వాసమూ తప్పని చెప్పలేదు. ప్రభుత్వ బడి ద్వారా ఒక మత విశ్వాసాన్ని ప్రోత్సహించడం రాజ్యాంగానికి విరుద్ధమని మాత్రమే చెప్పింది.

5. మన దేశంలో ఏర్పాటు

1976 నాటి 42వ రాజ్యాంగ సవరణ మన చదువుకు సంబంధించి రెండు ముఖ్యమైన మార్పులు తెచ్చింది. మొదటిది, విద్యను ఉమ్మడి జాబితాలో చేర్చింది. అందువల్ల కేంద్రం, రాష్ట్రాలు రెండూ విద్యపై చట్టాలు చేయవచ్చు. రెండవది, పౌరుల ప్రాథమిక విధులను చేర్చింది. శాస్త్రీయ దృక్పథాన్ని, తెలుసుకోవాలనే తపనను పెంపొందించుకోవడం వాటిలో ఒకటి.

2009లో పార్లమెంటు విద్యాహక్కు చట్టం చేసింది. అది 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చింది. 6 నుండి 14 సంవత్సరాల పిల్లలకు ఉచిత, నిర్బంధ విద్య అందాలని ఈ చట్టం చెబుతుంది. కాని లెక్కల పుస్తకంలో ఏ సూత్రం ఉండాలో చెప్పదు. పాఠ్య ప్రణాళికను ప్రభుత్వం నియమించిన విద్యా సంస్థ తయారుచేయాలని 29వ సెక్షన్ చెబుతుంది. అంటే ఎవరు నిర్ణయించాలో చట్టం చెప్పి, ఏది సరైనదో తేల్చే పనిని ఆ విషయం తెలిసినవారికి వదిలింది.

అయితే ఇంతటితో మన బాధ్యత తీరిపోదు. చట్టం ఏదీ చేయకుండానే పాఠాలు మారవచ్చు. జాతీయ విద్యా పరిశోధన, శిక్షణ మండలి పదవ తరగతి సైన్సు పుస్తకం నుండి జీవ పరిణామానికి సంబంధించిన భాగాన్ని తొలగించింది. కరోనా తరువాత విద్యార్థులపై భారం తగ్గించడానికే ఇలా చేశామని, పన్నెండవ తరగతిలో ఆ పాఠం ఉందని మండలి చెప్పింది. 2023లో 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయులు, ఇతరులు ఆ పాఠాన్ని తిరిగి చేర్చాలని బహిరంగ లేఖ రాశారు. పదవ తరగతి తరువాత జీవశాస్త్రం తీసుకోనివారికి ఆ పాఠం మళ్ళీ ఎదురుకాదు. పదితో చదువు ఆపేవారికీ అంతే. పుస్తకం బరువు తగ్గించడం మంచిదే. కాని ఏ పాఠం తీశారు, దానివల్ల ఎవరికి ఏమి అందకుండా పోతుంది అని అడగడం తల్లిదండ్రుల హక్కు, అభ్యాసకుల హక్కు.

6. మీరు వేయవలసిన ప్రశ్నలు

చదువుకు సంబంధించిన కొత్త బిల్లును గురించి పత్రికలో చదివినప్పుడు ఈ మూడు ప్రశ్నలు వేసుకోండి.

(అ) ఈ బిల్లు బడి, ఉపాధ్యాయుడు, పుస్తకం, ప్రయోగశాల వంటి సౌకర్యాల గురించి చెబుతున్నదా, లేక ఏది నిజమో తానే తేలుస్తున్నదా?
(ఆ) ఆ విషయం తెలిసినవారిని, బోధించేవారిని సంప్రదించారా?
(ఇ) పాఠంలో చెప్పినది కొలిచి, పరిశీలించి, తప్పయితే సరిదిద్దుకునే అవకాశం పిల్లలకు ఉంటుందా?

7. సారాంశం

చదువు అందరికీ అందేలా చేయడం చట్టం పని. ఆ పనిలో చట్టానికి చాలా బలం ఉంది. కాని లెక్క నిరూపణతో నిలుస్తుంది, సైన్సు పరిశీలనతో, ప్రయోగంతో నిలుస్తుంది. వాటిని ఓట్లతో మార్చలేము. ఓట్లతో మార్చగలిగినది ఒక్కటే, పిల్లలకు అవి సరిగా అందుతాయా లేదా అన్నది. అందుకే ఇలాంటి బిల్లులను పౌరులు గమనిస్తూ ఉండాలి.

8. మిమ్మల్ని మీరు పరీక్షించుకోండి

1. ఇండియానా బిల్లు ప్రకారం 10 అడుగుల వ్యాసం గల బావి వరకు పరిధి ఎంత? 3.14తో లెక్కిస్తే ఎంత? తేడా ఎంత?
2. 1987 తీర్పులో అమెరికా సుప్రీంకోర్టు ఏమి చెప్పింది? ఏమి చెప్పలేదు?
3. విద్యాహక్కు చట్టం ప్రకారం పాఠ్య ప్రణాళికను ఎవరు తయారుచేయాలి?

(మొదటి ప్రశ్నకు జవాబు: 32 అడుగులు, 31.4 అడుగులు, తేడా 0.6 అడుగు, అంటే 7 అంగుళాలకు పైగా. మిగిలిన వాటికి జవాబులు 4, 5 భాగాలలో చూడండి.)