క్షరమైన అక్షరం

గత శ్రావణమాసంలో రాజమహేంద్రవరంలో ఒక పెండ్లికి పోయి, రాత్రి భోజనాలు ముగించుకొని, మా మేనల్లుని విద్యుత్తు కారులో విజయవాడకు తిరుగుప్రయాణమయినాము. వెనుక సీటులో మా చెల్లెలు, కోడలు నిద్రపోతున్నారు. అర్ధరాత్రి దాటినది. ఏలూరు విడిచి హనుమాన్ జంక్షన్ సమీపిస్తూండగా వాన పట్టుకొన్నది. తుంపర కాదు, ముందు పోతున్న లారీ వెనుక దీపాలు రెండూ నీటిలో కుంకుమ కలిపినట్లు కరిగిపోయే వాన. సరిగ్గా ఆ సమయంలో మా యెదుట వెలుగుతున్న వెడల్పాటి తెర ఒక్కసారి రెప్ప వేసి నల్లబడిపోయినది. కారు మాత్రం ఆగలేదు. నడుస్తూనే ఉన్నది.

"ఏమిరా, దీపం ఆరిపోయిందేమి?" అన్నాను.

"తెర పోయింది మామయ్యా. మీరు కంగారు పడకండి, బండికేమీ కాలేదు" అన్నాడు వాడు. కాని ఆ కంగారేదో వాని గొంతులోనే వినిపించినది.

వాని బాధ నాకు కొంతసేపటికి గాని బోధపడలేదు. మేము ఎంత వేగంతో పోతున్నామో వానికి తెలియటం లేదు. పాత అంబాసిడరు కారయితే ఇంజను రొదను బట్టి వేగం ఇంతయని చెప్పవచ్చును. గేరు మార్చినప్పుడెల్ల కాలికీ చేతికీ ఒక ఎరుక కలిగేది. విద్యుత్తు బండిలో ఆ రొద లేదు, గేర్లు మార్చే పని లేదు. అది దాని గుణమే. కాని ఆ గుణం వలననే, తోలేవాడు ఎరుగవలసినదంతా ఒక్క తెర మీదకు వచ్చి చేరినది. అంతలో వానకు లోపలి అద్దం మీద ఆవిరి పట్టసాగినది. దానిని పోగొట్టే గాలి మీట ఏదీ? అదియు తెరలోనే ఉన్నది! నేను నా కండువాతో అద్దం తుడుస్తూ ఉంటే, వాడు వెనుకవారికి గుర్తుగా నాలుగు మూలల దీపాలు వెలిగించి, మెల్లగా ఎడమకు తీసి, ఒక టీ దుకాణం ముందు ఆపినాడు. ఆ మీట మాత్రం దేవుని దయ వలన తెరలో లేదు. స్టీరింగు మీది బొత్తాములేవో కాసేపు అదిమి పట్టగా, తెర కంపెనీ పేరుతో మేలుకొన్నది. గుడ్డిగా నడిచినది నిమిషమో, నిమిషమున్నరయో. వెనుకవారు నిద్ర లేవనేలేదు.

మరునాడు వాడు బండిని సర్వీసు కేంద్రానికి తీసుకొనిపోయినాడు. వారు ఏదో తీగ తగిలించి చూచి, లోపమేమీ నమోదు కాలేదన్నారట. "కొత్త సాఫ్ట్‌వేర్ వస్తుందండీ, దానంతటదే సర్దుకుంటుంది" అని చెప్పి పంపినారట. దానంతటదే చెడి దానంతటదే సర్దుకొనే వస్తువు మీద నలుగురి ప్రాణాలు ఆధారపడి ఉండటం నాకు మింగుడు పడలేదు. నేను తెలుగు చెప్పుకొనేవాణ్ణి. యంత్రశాస్త్రం నా చదువు కాదు. అయినను మా కళాశాలలోని భౌతికశాస్త్ర మిత్రులను విసిగించి, దొరికినది చదివి, తెలిసినంతవరకు ఇక్కడ ముచ్చటిస్తున్నాను.

ముందు మాటను గురించి ఒక మాట. ఇది వృత్తిదోషం, పాఠకులు మన్నింతురు గాక. మనము డాష్‌బోర్డు అంటున్నది మొదట గుర్రపుబండి మాట. గుర్రం డెక్కలు చిమ్మే బురద తోలేవాని మీద పడకుండా బండి ముందు అడ్డంగా నిలిపిన పలకకు ఆ పేరు. గుర్రం పోయి ఇంజను వచ్చినది; పలక మిగిలినది. దాని మీద వేగం చెప్పే ముల్లు, పెట్రోలు చెప్పే ముల్లు, వేడిమి చెప్పే ముల్లు ఒక్కొక్కటిగా వచ్చి చేరినవి. ఒక ముల్లు చెడితే తక్కినవి పని చేసేవి. ఇప్పుడు ముళ్ళన్నీ మాయమై వాటి బొమ్మలు మాత్రం ఒక గాజుతెర మీద ఆడుతున్నవి. బురదను ఆపటానికి పుట్టిన పలక తోలేవానికి కన్నుగా మారినదన్నమాట.

తెర పోయినా బండి ఎట్లు నడిచినదని విద్యార్థులు అడుగవచ్చును. ఇటువంటి కారులో కంప్యూటరు ఒకటి కాదు, అనేకం. మోటారును, బ్రేకులను, స్టీరింగును కనిపెట్టుకొని ఉండేవి వేరు. తెర మీద దారిపటాలు, పాటలు, వెనుక కెమెరా దృశ్యం చూపేది వేరు. ఈ రెండవది మన చేతిలోని ఫోనుకు దగ్గర చుట్టం. ఫోను వలెనే దానికి పని మీద పని పడి ఊపిరాడని సమయాలుంటవి. తోలుబొమ్మలాటలో దీపం ఆరిపోయినట్లు ఊహించండి. ఆడించేవాడు ఆడిస్తూనే ఉన్నాడు, బొమ్మలు కదులుతూనే ఉన్నవి. ఇవతల కూర్చున్నవానికి మాత్రం ఏమీ కానరాదు. ఆటలో అయితే దీపం వెలిగించేదాకా ప్రేక్షకులు ఓపిక పడతారు. జాతీయ రహదారి ఓపిక పట్టదు.

ఈ తెరల చరిత్రలో నన్ను అన్నిటికంటె ఆకర్షించినది 2021 నాటి ఒక ఉదంతం. అమెరికాలో టెస్లా కంపెనీ 2012 నుండి 2018 వరకు తయారుచేసిన మోడల్ ఎస్, 2016 నుండి 2018 వరకు తయారుచేసిన మోడల్ ఎక్స్ కార్లలో తెరలు చచ్చిపోసాగినవి. కారణం వెదుకగా, తెర వెనుక కంప్యూటరులో 8 గిగాబైట్ల జ్ఞాపకపు బిళ్ళ ఒకటి ఉన్నది. అది అరిగిపోతున్నదని తేలినది. జ్ఞాపకం అరుగుట యేమిటి? మనము చిన్ననాడు వాడిన రాతిపలక వంటిదే అది. వ్రాసి, తుడిచి, మరల వ్రాయవచ్చును. కాని ఎన్నిసార్లయినా కాదు. ఆ బిళ్ళలోని ఒక్కొక్క గడికి సుమారు 3,000 సార్లు మాత్రమే వ్రాసి తుడిచే ఆయుర్దాయం. కారేమో నడిచినంతసేపూ తన దినచర్య తాను వ్రాసుకుంటూనే ఉంటుంది. అయిదారేండ్లకు పలక నిండా గీతలు పడి, ఇక ఏ అక్షరమూ నిలువదు. నశించనిది కనుక దానిని అక్షరమన్నారని మేము తరగతిలో వ్యుత్పత్తి చెబుతాము. ఇక్కడ అక్షరమే క్షరమై కూర్చున్నది.

తెర పోయినందువలన ఏమి పోయినదో చూడండి: వెనుకకు నడిపేటప్పుడు కెమెరా చూపే దృశ్యం, మలుపు దీపాలతో పాటు వినవలసిన టకటక శబ్దం, అద్దం మీది ఆవిరి పోగొట్టే ఏర్పాటు. చివరిది చదివినప్పుడు నా కండువా నాకు జ్ఞాపకం వచ్చినది. అక్కడి జాతీయ రహదారి భద్రతా సంస్థ 2021 జనవరిలో సుమారు 1,58,000 కార్లను వెనుకకు పిలిపించి బాగుచేయవలసినదని కంపెనీకి వ్రాసినది. మరుసటి నెలలో కంపెనీ సుమారు 1,35,000 కార్లకు ఒప్పుకొని, 64 గిగాబైట్ల బిళ్ళలు అమర్చటానికి సిద్ధపడినది. కాని ఒప్పుకొంటూనే ఒక వాదం చేసినది. ఇటువంటి భాగం కారు ఉన్నంతకాలం మన్నవలెనని కోరుట ఖర్చు దృష్ట్యా అయ్యే పని కాదని దాని సారాంశం. నేను ఈ వాదం దగ్గర చాలాసేపు ఆగిపోయినాను. ఫోనును మూడేండ్లకు మారుస్తాము, సరే. కారును పదిహేనేండ్లు వాడుకొని, ఆ పైన ఇంకొకరికి అమ్మే దేశం మనది. మూడవ చేతికి వచ్చిన బండిలో తెర ఎన్నాళ్ళు మిగిలి ఉంటుందో కొనేవానికి ఎవరు చెబుతారు?

తెర వెలుగుతూ ఉన్నా చాలదు. 2024 ఆరంభంలో ఆ కంపెనీయే అమెరికాలో దాదాపు 22 లక్షల కార్లను సరిదిద్దవలసి వచ్చినది. తప్పు ఏమనగా, బ్రేకు మొదలయిన హెచ్చరికల అక్షరాలు ఉండవలసినదానికంటె చిన్నవి. అవి కనీసం 3.2 మిల్లీమీటర్ల ఎత్తు ఉండవలెనని అక్కడి నిబంధన. ఇంత చిన్న విషయానికి ఇంత రభసా అని కొందరు నవ్వినారు. ఏటేటా వేల జవాబుపత్రాలు దిద్దే మా వంటివారు నవ్వలేరు. అక్షరం చీమకాలంత ఉంటే అర్థం తరువాతి మాట, అసలు చూపు అక్కడ ఆగదు. అయితే ఆ దిద్దుబాటు కోసం ఒక్క కారూ సర్వీసు కేంద్రం గడప తొక్కనక్కరలేకపోయినది. సాఫ్ట్‌వేర్‌ను గాలిలోనే పంపి అక్షరాలు పెద్దవి చేసినారు. ఈ సౌలభ్యాన్ని తక్కువ చేయరాదు. అచ్చయిన పుస్తకంలో తప్పొప్పుల పట్టిక చివర అంటించుకోవలసిన మాకు ఇది అసూయ కలిగించే సంగతియే.

ఈ జబ్బు ఒక్క కంపెనీది కాదు. 2024లో వోల్వో వారి ఈఎక్స్30 కార్లు సుమారు 72,000 ప్రపంచమంతటా సరిదిద్దవలసి వచ్చినవి. బయలుదేరేటప్పుడు తెర తనను తాను పరీక్షించుకొనే స్థితిలోకి పోయి వేగం చూపటం మానేదట. జనరల్ మోటార్స్ వారు షెవ్రొలే బ్లేజర్ విద్యుత్తు కారు అమ్మకాన్ని సాఫ్ట్‌వేర్ చిక్కుల వలన 2023 డిసెంబరులో ఆపి, 2024 మార్చిలో గాని మరల మొదలుపెట్టలేదు. 2022లో టెస్లా కార్లు 1,30,000 వరకు ఇంకొక చిక్కులో పడినవి. వేగంగా చార్జి చేసేటప్పుడు తెర వెనుక కంప్యూటరుకు వేడి పుట్టి, తెర ఆలస్యంగా పలుకుటయో, పూర్తిగా నల్లబడుటయో జరిగేది. ప్రమాదాలేవీ తన దృష్టికి రాలేదని కంపెనీ చెప్పినది.

ఆలస్యంగా పలికే తెర నల్లబడిన తెర కంటె మంచిదని అనుకొంటాము. నాకు అట్లు తోచదు. ఆగిపోయిన గోడగడియారం కూడ కాలం చూపుతూనే ఉంటుంది. చూచినవాడు బండి తప్పిపోతాడు. నల్లబడిన తెర తనకు తెలియదని ఒప్పుకొంటున్నది. గడ్డకట్టిన తెర పాత వేగాన్ని, పాత దృశ్యాన్ని ఇప్పటివిగా నమ్మిస్తుంది. వెనుక కెమెరా చిత్రం ఆగిపోతే, వాకిలి ఖాళీగా ఉన్నట్లే కనిపిస్తుంది. ఆ క్షణాన పిల్లవాడు బంతి కోసం పరుగెత్తి వచ్చి ఉండవచ్చును. అందుచేత రివర్సు గేరు వేసినవాడు మెడ తిప్పి చూచే పాత అలవాటు మానరాదని మా భౌతికశాస్త్ర మిత్రుడు గట్టిగా చెప్పినాడు.

తెర బాగున్నప్పటి సంగతి కూడ ఒకటున్నది. వీణ వాయించేవారు మెట్లను చూస్తూ వాయించరు. వేలికి మెట్టు తెలుసు. పాత కారులో మీటలు అటువంటివి. తడిమితే తగిలేవి. గాజు మీద తడమటానికి ఏమీ లేదు, చూడక తప్పదు. 2022లో స్వీడన్ దేశపు ఒక మోటారు పత్రిక దీనిని కొలిచి చూచినది. గంటకు 110 కిలోమీటర్ల వేగంతో పోతూ, అద్దం ఆవిరి పోగొట్టుట, రేడియో పెట్టుట వంటి నాలుగు పనులు చేయవలెను. 2005 నాటి పాత వోల్వోలో మీటలతో అవి 10 సెకండ్లలో అయిపోయినవి. ఈలోగా బండి 306 మీటర్లు నడిచినది. వెనుకబడిన కొత్త కారులో తెరతో 44.9 సెకండ్లు పట్టినది. బండి 1,372 మీటర్లు నడిచినది. దాదాపు కిలోమీటరున్నర! ఐరోపాలో కార్లకు భద్రతా నక్షత్రాలిచ్చే యూరో ఎన్‌క్యాప్ సంస్థ, మలుపు దీపాలు, హారను, వైపర్లు మొదలయినవాటికి చేతికి తగిలే మీటలుంటేనే పూర్తి మార్కులని 2026 జనవరి నుండి లెక్క మార్చినది.

మన దేశంలో 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో 110-ఏ అనే సెక్షను చేరినది. లోపమున్న బండ్లను వెనుకకు పిలిపించమని కంపెనీని ఆదేశించే అధికారం దాని వలన కేంద్రప్రభుత్వానికి కలిగినది. ఆ లోపం ప్రభుత్వం దృష్టికి వచ్చే దారులలో మొదట చెప్పినది, ఒక రకం బండ్లు కొన్నవారిలో నిర్ణీత శాతం మంది ఫిర్యాదు చేయుట. అనగా వ్రాతపూర్వకంగా చెప్పినవారు లెక్కలోకి వస్తారు. దానంతటదే సర్దుకుంటుందని ఊరుకొన్నవారు రారు. ఇది చెప్పి మా మేనల్లుణ్ణి వ్రాయమన్నాను. "ఎవరు చదువుతారు మామయ్యా?" అన్నాడు. పరీక్ష వ్రాసేటప్పుడు నీవట్లా అనుకొన్నావా అని అడిగితే నవ్వి ఊరుకొన్నాడు.

ఈ మధ్య మరల ఆ బండి యెక్కినాను. ముందరి అరలో కళ్ళజోడు పెట్టబోతే నలభై పేజీల నోటుబుక్కు ఒకటి చేతికి తగిలినది. విప్పి చూస్తే వాని దస్తూరి. తేదీ, హనుమాన్ జంక్షన్, అప్పటికి బండి నడిచిన కిలోమీటర్లు, వాన, తెర నల్లబడినది, అద్దం మసక వేసినది, బొత్తాములు అదిమిన మీదట వచ్చినది. కంపెనీకి పంపిన ఫిర్యాదు నకలు మడిచి అందులోనే పెట్టినాడు. అంతా బాగానే ఉన్నది గాని తేదీ ఒక రోజు ముందుది వేసినాడు. అర్ధరాత్రి దాటిన తరువాత గదరా జరిగినది అని దిద్దించి, క్రింద సాక్షిగా నా సంతకం చేసినాను.