కంబం కింద దాగిన బరువు

తెరచాప పడవను ఒడ్డున నిలబడి చూసేవారికి దాని కంబం చెట్టులా పాతుకుని నిలిచినట్టు కనిపిస్తుంది గానీ, దానిని నిలిపి ఉంచేవి కొస నుంచి ముందుకూ వెనక్కూ రెండు పక్కలకూ బిగించిన ఉక్కు తీగలు. ఆ తీగల లాగుడంతా చివరికి ఒక్కటై, రోటిలో రోకలిని ఒత్తినట్టుగా, కంబాన్ని పడవ నడుములోకి ఒత్తుతూ ఉంటుంది. అందువల్ల పాత పడవ ఆయుష్షు తెలుసుకోగోరేవారు కంబం కంటే ముందుగా దాని కింది దూలాన్నీ, ఆ దూలాన్ని మోసే గుంజనూ, తీగలను పడవ ఒంటికి కట్టి ఉంచే లోహపు పట్టీలనూ చూడవలసి ఉంటుంది.

ఈ పట్టీలకు చైన్‌ప్లేట్ అనే పేరు పాత ఓడల నుంచి వచ్చింది. ఆ కాలంలో కంబాన్ని పక్కల నుంచి పట్టి ఉంచినవి తారు పట్టించిన నారతాళ్లు; వాటి చివర మూడు కన్నాల చెక్కబిళ్లలు కట్టి, ఆ బిళ్లలను ఓడ పక్కకు బిగించిన ఇనుప గొలుసులతో పట్టేవారు. నారతాడు తడిస్తే బిగుసుకుని, ఎండితే సడలేది కనుక నావికులు దానిని తరచుగా సరిచేస్తూ ఉండవలసి వచ్చేది. ఈ అవస్థకు విరుగుడు సముద్రం మీద గాక గనిలో పుట్టింది. జర్మనీలోని క్లౌస్థాల్ వెండి గనుల్లో బరువులు ఎత్తే గొలుసులు తెగిపోతూ ఉండగా, విల్‌హెల్మ్ ఆల్బర్ట్ అనే గనుల అధికారి 1834లో నాలుగేసి ఇనుప తీగలను పేటగా పేని, అటువంటి మూడు పేటలను కలిపి తీగతాడు తయారుచేశాడు. కొద్దికాలానికే తీగతాడు ఓడల మీదికీ చేరింది. ఇరవయ్యో శతాబ్దంలో పొడవైన సన్నని కంబానికి మూడు మూలల తెరచాప కట్టే పద్ధతి ప్రబలినప్పుడు, చుట్టూ తీగలతో నిలిచిన ఆ కంబం మార్కొనీ రేడియో స్తంభాన్ని తలపించడంతో జనం దానిని మార్కొనీ రిగ్ అన్నారు. 1913లో షెఫీల్డ్‌లో హ్యారీ బ్రియర్లీ రూపొందించిన స్టెయిన్‌లెస్ స్టీలు క్రమంగా ఆ తీగలకూ పట్టీలకూ ప్రధాన లోహమైంది.

ఫైబర్‌గ్లాసు పడవల రాకతో కంబం పాదం కూడా చోటు మారింది. చెక్క పడవల్లో కంబం సాధారణంగా డెక్కును చీల్చుకుని పోయి అడుగునున్న వెన్నుదూలం మీద కూర్చునేది. 1959లో అమెరికాలో పియర్సన్ పడవశాల నుంచి వచ్చిన 28 అడుగుల ట్రైటన్‌లోనూ, స్వీడన్‌లో పుట్టిన కార్ల్ అల్బర్గ్ దాని తరువాత 1962లో కెనడాలోని విట్‌బీ పడవశాల కోసం గీసిన అల్బర్గ్ 30లోనూ కంబాన్ని డెక్కు మీదనే నిలిపారు. గదికి నడుమ కంబం అడ్డు తొలగింది, కంబం చుట్టూ నీరు కారే రంధ్రమూ తప్పింది. అయితే ఇంతకాలం వెన్నుదూలం మోసిన బరువు ఇప్పుడు గది పైకప్పు మీద పడింది. అల్బర్గ్ 30లో సరిగ్గా కంబం కిందనే ముందు గదికి పోయే దారి ఉన్నందున, ఆ దారికి పైన పొరలుగా అతికించిన చెక్క దూలం ఒకటి అడ్డంగా ఉండి, బరువును అటూ ఇటూ ఉన్న అడ్డుగోడలకు పంచుతుంది.

ఆ బరువు ఎంతో ఒక చిన్న లెక్కతో తెలుసుకోవచ్చు. పడవ 30 డిగ్రీలు వాలినప్పుడు దానిని తిరిగి నిలబెట్టే బలం 1.5 టన్ను-మీటర్లనీ, పడవ సగం వెడల్పు 1.3 మీటర్లనీ అనుకుంటే, గాలివైపు పక్కతీగల మీద పడే లాగుడు సుమారు 1.15 టన్నులవుతుంది. ఇంకా ఎక్కువగా వాలే సందర్భానికి దీనిని 1.5తోనూ, ముందు వెనుక తీగల, తెరచాపను ఎత్తే తాళ్ల లాగుడుకు 1.85తోనూ హెచ్చవేయడం పడవల రూపకర్తలు చాలాకాలం పాటించిన సూత్రం. ఆ ప్రకారం కంబం పాదం మీద దాదాపు 3.2 టన్నుల ఒత్తిడి వస్తుంది. అంటే నాలుగు టన్నుల పడవ, తన బరువులో ముప్పాతికకు పైగా భారాన్ని అరచేయంత చోటులో, ఒక చెక్క దూలం నెత్తిన పెట్టుకుని నడుస్తున్నదన్నమాట.

దూలం ఓడిపోవడం ఒక్కరోజులో జరగదు. డెక్కు సాధారణంగా రెండు ఫైబర్‌గ్లాసు పొరల మధ్య తేలికైన బాల్సా చెక్క పెట్టి చేసినది; మరమేకుల రంధ్రాల గుండా దిగిన నీరు ఆ బాల్సాను నానబెడుతుంది, దూలం పొరలు విడిపోతాయి, కంబం పాదం కొన్ని మిల్లీమీటర్లు కుంగుతుంది. కంబం దిగినకొద్దీ పక్కతీగలు సడలుతాయి గనుక యజమాని వాటి మరలను ఇంకాస్త బిగిస్తాడు, ఆ బిగింపే దూలాన్ని మరింత కిందికి ఒత్తుతుంది. చాలా పడవల్లో దీని తొలి జాడ తీగల దగ్గర కాక మరుగుదొడ్డి తలుపు దగ్గర కనిపిస్తుంది: రేవులో సాఫీగా మూసుకునే తలుపు, గాలి హెచ్చి పడవ వాలగానే చట్రానికి పట్టుకుపోయి కదలదు.

చైన్‌ప్లేట్ల జబ్బు వేరు. స్టెయిన్‌లెస్ స్టీలును కాపాడేది అందులోని క్రోమియం గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి ఏర్పరచే కంటికి కనబడని పొర. పట్టీ డెక్కును దాటే ఇరుకు సందులో ఉప్పునీరు నిలిచి ఆక్సిజన్ అందకపోతే, ఆ పొర తనను తాను పూడ్చుకోలేదు; క్లోరైడు లోహాన్ని గుంటలుగా తొలుస్తుంది, పగుళ్లు లోపలికి పోతాయి. పైన పటారం లోన లొటారం అన్న సామెత ఈ పట్టీకి అక్షరాలా వర్తిస్తుంది, ఎందుకంటే ఎండలో మెరిసే భాగం నిగనిగలాడుతూ ఉండగానే, డెక్కు మందంలో దాగిన రెండు అంగుళాలు చీలి ఉండవచ్చు. కాబట్టి పట్టీని ఊడదీయకుండా బాగున్నదని చెప్పడం తప్పు. ఊడదీసి తుడిచి ఎర్రని రంగు ద్రవం పూసి, కొన్ని నిమిషాల తరువాత పైపైన తుడిచివేసి తెల్లని పొడి చల్లితే, పగులులో దాగిన ఎరుపు ఆ తెలుపు మీద వెంట్రుకంత గీతగా పైకి వస్తుంది.

మరమ్మతుకు ముందు క్రేనుతో కంబాన్ని దింపడం శ్రేయస్కరం. లోపలినుంచి డెక్కుకు వెడల్పాటి పలక ఆనించి, దాని కింద జాకీ పెట్టి, బిగించి కట్టిన దారాన్ని కొలతగా చూస్తూ కుంగిన వంపును మెల్లమెల్లగా పైకి తెస్తారు; తొందరపడితే ఫైబర్‌గ్లాసు బీటలు వారుతుంది. కుళ్లిన బాల్సాను తవ్వి తీసి, కంబం పాదమున్న మేర ఎపాక్సీ జిగురుతో గాజునారను గట్టి దిమ్మగా నింపుతారు. దూలాన్ని కొత్త చెక్కతో తిరిగి చేస్తారు, లేదా లోహపు పలకలు జోడించి బలపరుస్తారు. గుంజ ఉన్న పడవల్లో దాని మొదలు అడుగున నిలిచే నీటిలోనే నానుతూ ఉంటుంది గనుక, కొత్త గుంజను ఫైబర్‌గ్లాసు దిమ్మ మీద ఎత్తి నిలపాలి. పైన దూలాన్ని ఎంత బాగుచేసినా ఈ మొదలును వదిలేస్తే పని సగమే అయినట్టు. కొత్త పట్టీలను మాలిబ్డినం కలిసిన 316 రకం స్టీలుతో గాని, ఖర్చుకు వెనుకాడనివారు టైటానియంతో గాని చేయిస్తారు. డెక్కులోని ప్రతి రంధ్రాన్నీ మొదట పెద్దదిగా తొలిచి ఎపాక్సీతో పూడ్చి, దాని నడుమ మళ్లీ చిన్నగా తొలచడం వల్ల నీరు దిగినా చెక్కను తాకదు.

కంబం తిరిగి ఎక్కించాక తీగలను ఒక్కసారిగా కాక, ఎడమ కుడి మార్చి మార్చి కొద్దికొద్దిగా బిగిస్తారు. ఆ తరువాత గాలి బాగా వీచే రోజున పడవను రెండు వైపులకూ వాల్చి నడిపి, గాలిచాటు తీగలు మరీ వేలాడుతున్నాయేమో చూసి, లోపలికి దిగి, మరుగుదొడ్డి తలుపును ఒకసారి తెరిచి మూస్తారు.